చదివాను, ఒప్పుకోవడం లేదు

ఒఫేలియా మార్కెట్టి పోయింది మంగళవారం పొద్దున. భూమికి ఆ దక్షిణపు కొసన ఆగస్టంటే నడి చలికాలం, చలి ఎముకలు కొరుకుతున్న రోజు. బడికి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో సంచి పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే తల వాల్చేసింది. టీచరమ్మ కునుకు తీస్తోందనుకుని డ్రైవరు కదిలించలేదు. ఆమె దిగవలసిన స్టాపు దాటిపోయింది. ఆ తరువాత ఇంకో పదకొండు స్టాపులు దాటాయి. ఆఖరి స్టాపులో లేపబోతే లేవలేదు.

ఆ రోజు మొదటి పీరియడు ఒఫేలియాది. ఆమె రాకపోయేసరికి లియోనోర్ విదార్తే వెళ్లి ఏడో తరగతిలో కూర్చుంది, మనసులో తిట్టుకుంటూ. ఇరవై రెండేళ్ల స్నేహంలో ఒఫేలియా వేళకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈసారి రానీ, అందరి ముందూ కడిగేస్తాను అనుకుంది లియోనోర్. బోర్డు మీద తేదీ రాస్తూ అనుకుంది. అప్పుడు ఎనిమిదింబావు. తరువాత డాక్టరు రాసిన కాగితంలో ప్రాణం పోయిన వేళ ఎనిమిది అని ఉంది.

తొమ్మిదిన్నరకు హెడ్‌మిస్ట్రెస్ ఇర్మా కిరోగా తలుపు దగ్గర నిలబడి, "లియో, ఒక్క నిమిషం బయటికి రా" అంది. పిల్లల ముందు ఇర్మా ఆమెను ఎన్నడూ లియో అని పిలవలేదు. కుర్చీలోంచి లేవకముందే లియోనోర్‌కు సగం అర్థమైంది.

శుక్రవారం ఒఫేలియా తమ్ముడు ఊగో ఆ సంచి తెచ్చి ఇచ్చాడు.

"ఇందులో ఉన్నవన్నీ బడివేనండి. అక్క కళ్లజోడు ఒక్కటి నేను తీసుకున్నా" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సంచిలో సగం తిన్న బిస్కెట్ల పొట్లం, ఒక నీలం ఫైలు, ఆకుపచ్చ కాగితం అంటించిన చెప్పుల పెట్టె ఉన్నాయి. పెట్టె మూతకు మధ్యలో చీలిక.

ఏడో తరగతికి శరీరం గురించి, ఎదగడం గురించి చెప్పే పాఠం వారానికొకటి ఉండేది. పదకొండేళ్లుగా ఇద్దరూ కలిసే చెబుతున్నారు. ఒఫేలియా సైన్సు టీచరు, లియోనోర్ భాష టీచరు. పాఠ్యపుస్తకంలో ఆడపిల్లలకు ఒక పేజీ, మగపిల్లలకు ఒక పేజీ. ఆ పాఠానికి ప్రాణం ఈ పెట్టె. ప్రతి సోమవారం పిల్లలందరూ ఒకేసారి లేచి, ఒక్కొక్క కాగితం రెండు మడతలు పెట్టి అందులో వేయాలి. అడిగేది ఏమీ లేనివాళ్లు తెల్లకాగితమే మడిచి వేయాలి. అలా అయితే ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో పక్కవాడికి కూడా తెలియదు. ఒక ఏడు ఒఫేలియా పెట్టె తెరిచేది, మరుసటి ఏడు లియోనోర్. నవ్వొచ్చే ప్రశ్నలు పైకి చదివేవారు. సున్నితమైనవి చదవకుండా, జవాబు మాత్రం పాఠంలో కలిపి చెప్పేవారు. అడిగిన బిడ్డకు తెలుస్తుంది, అది చాలు. పెట్టెలో వచ్చిన మాట తెరిచినవాళ్ల నోరు దాటకూడదు. స్టాఫ్‌రూములో, ఆఫీసులో, ఇంట్లో ఎక్కడా అనకూడదు. రెండో టీచరుకు కూడా చెప్పకూడదు. ఈ నియమం లియోనోర్ పెట్టిందే. ఆమె చేత్తో రాసిన కాగితమే ఇప్పటికీ మూత లోపలివైపు అంటించి ఉంది.

ఈ ఏడు వంతు ఒఫేలియాది. ఇప్పుడిక తెరిచేవాళ్లు వేరే లేరు.

పిల్లలందరూ వెళ్లిపోయాక లియోనోర్ తరగతి గదిలో కూర్చుని పెట్టె తెరిచింది. వరండాలో చోలా గచ్చు తుడుస్తోంది. బడి ఊడ్చి, తుడిచి, పిల్లలకు పాలు కాచి పోసే మనిషి చోలా.

"కాళ్లు పైకెత్తుకో తల్లీ, లోపల కూడా తుడిచేస్తా. ఏడిస్తే ఏడువు, నేల ఎలాగూ తడే" అంది గుమ్మంలోంచి.

"ఏడవడం లేదు చోలా."

"అదే నీ జబ్బు."

ఒఫేలియా పోవడానికి ముందు రోజు, సోమవారం వేసిన ఇరవై ఆరు కాగితాలు. పద్దెనిమిది తెల్లవి. ఒకదానిలో మీసాలు ఎప్పుడొస్తాయని, ఒకదానిలో చెమట వాసన ఎందుకని. ఒకడు ఫుట్‌బాల్ జట్టు పేరు రాసి కింద మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. ఇరవై మూడో కాగితం విప్పి లియోనోర్ ఆగిపోయింది.

"ఉదాహరణకు, చిన్నప్పుడు ఆపరేషన్ చేసి, ఎందుకు చేశారో ఎవరూ చెప్పనివాళ్లు ఉంటే, వాళ్లకు ఏం జరుగుతుంది? వాళ్లు ఆడపిల్లల పేజీ చదవాలా, మగపిల్లల పేజీ చదవాలా?"

గుర్తుపట్టకుండా అన్నీ అచ్చక్షరాల్లో విడివిడిగా రాసి ఉంది. అక్షరాలు దాచుకోవచ్చు, వాక్యాన్ని దాచుకోలేరు. రెండేళ్లుగా ఆ తరగతి నోటుబుక్కులు దిద్దుతున్న లియోనోర్‌కు, దేనికైనా ముందు "ఉదాహరణకు" అని పెట్టేది ఒక్కరేనని తెలుసు. లుహాన్ సోరియా. మూడో వరుసలో గోడ పక్కన కూర్చునే బిడ్డ. ఎండాకాలంలో కూడా బడి యూనిఫాం తెల్లకోటు కింద పొడుగు ప్యాంటు వేసుకుని వస్తుంది. ఆటల పీరియడులో కడుపునొప్పి అంటుంది. హాజరుపట్టీలో ఆడపిల్లల వైపు పేరు.

నీలం ఫైలులో ఒఫేలియా పాత కాగితాలు తేదీల వారీగా గుచ్చి పెట్టుకుంది. ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చిన కాగితం లియోనోర్ చేతికి తగిలింది. "ఉదాహరణకు, ఆడపిల్లలందరికీ నెలసరి తప్పకుండా వస్తుందా? రానివాళ్లు ఆడపిల్లలు కారా?" దాని కింద ఒఫేలియా పెన్సిలు రాత: "నేను చెప్పే మాట మార్చాలి."

మాట మార్చింది మేలో. అంతవరకు బోర్డు మీద "ఆడపిల్లలకు", "మగపిల్లలకు" అని రెండు నిలువు గళ్లు గీసే మనిషి, ఉన్నట్టుండి గళ్లు చెరిపేసి "గర్భసంచి ఉన్నవాళ్లకు", "వృషణాలు ఉన్నవాళ్లకు", "కొందరికి", "చాలామందికి" అని రాయడం మొదలుపెట్టింది. వాళ్ల భాషలో పిల్లలను పిలిచే మాట చివరి అక్షరమే ఆడో మగో చెబుతుంది; ఆ అక్షరం కూడా తీసేసింది. ఊరంతా ఆ గొడవే నడుస్తున్న రోజులు. టీవీలో అరుచుకుంటున్నారు, బస్సుల్లో అరుచుకుంటున్నారు. ఒఫేలియాకు కూడా ఆ గాలి సోకిందనుకుంది లియోనోర్.

స్టాఫ్‌రూములో అందరూ ఒకే గొట్టంతో పీల్చే ఆకు కషాయం, మాతే, దాని బుర్ర చేతులు మారుతుండగా ఒకరోజు అందరూ వినేటట్టు అడిగింది: "గర్భసంచి ఉన్నవాళ్లెవరైనా కాస్త వేడినీళ్లు పోస్తారా?"

గది గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా ఒఫేలియానే నవ్వింది.

"నాది ఆరేళ్ల కిందటే తీసేశారే బక్కదానా. అయినా పోస్తా, ఇటు తే."

"ఎందుకొచ్చిన తిప్పలే నీకు? ఆడపిల్ల అంటే ఆడపిల్లకు అర్థమవుతుంది. మగపిల్లాడంటే వాడికి అర్థమవుతుంది. పాఠం చెప్పేది తికమక పెట్టడానికా?"

"అర్థమయ్యేవాళ్ల కోసం కాదే నేను చెప్పేది."

"మరెవరి కోసం?"

ఒఫేలియా మాతే గొట్టం నోట్లో పెట్టుకుని జవాబు దాటేసింది. చేతిలో మాట లేక తప్పించుకుందనుకుంది లియోనోర్. ఇప్పుడు తెలిసింది. చేతిలో కాగితం ఉండి, లియోనోర్ పెట్టిన నియమానికి కట్టుబడి తప్పించుకుంది.

చోలా లోపలికి వచ్చి ఆమె కాళ్ల చుట్టూ తుడిచి వెళ్లింది.

జూన్‌లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది: తరగతిలో, నోటుబుక్కులో, తల్లిదండ్రులకు రాసే చీటీల్లో ఆడపిల్లలు, మగపిల్లలు అనే చెప్పాలి, వేరే మాటలు వాడకూడదు. ఇర్మా దాన్ని అందరి చేతా చదివించి సంతకాలు తీసుకుంది. ఒఫేలియా సంతకం పెట్టింది, తన మాటలు తను చెప్పుకుంటూ పోయింది. పోవడానికి వారం ముందు ఆమె మీద ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది కరీనా బసువాల్దో. బడి గేటు ఎదురుగా పెన్సిళ్లు, చాక్లెట్లు అమ్మే చిన్న కొట్టు ఆమెది. కూతురు బ్రెండా ఏడో తరగతి.

సోమవారం కరీనా ఆఫీసు గదిలో ఇర్మా ఎదుట, లియోనోర్ పక్కన, కుర్చీ అంచున కూర్చుంది.

"పోయినావిడ మీద ఫిర్యాదంటే నాకు మాత్రం బాగుందా టీచరుగారూ? రాసిచ్చినప్పుడు ఆవిడ బతికే ఉంది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది."

"వెనక్కి తీసుకోమని ఎవరూ అనలేదమ్మా" అంది ఇర్మా.

"నా సంగతి చెప్తా వినండి. పదకొండేళ్లప్పుడు బడి బాత్రూంలో నెత్తురు చూసి చచ్చిపోతున్నాననుకున్నా. ఇంటికెళ్తే మా అమ్మ గుడ్డపేలిక ఒకటి చేతిలో పెట్టి నోరు మూసుకోమంది. అంతే నాకు దొరికిన చదువు. నా కూతురికి ఆ గతి పట్టకూడదని, ఈ క్లాసు కావాలని పదకొండేళ్ల కిందట దాన్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి సంతకాలు పోగేసినదాన్ని నేను. మీకు గుర్తుందా?"

"గుర్తుంది" అంది లియోనోర్.

"అలాంటిది బ్రెండా నోటుబుక్కు తెచ్చి, 'అమ్మా, ఇది గర్భసంచి ఉన్నవాళ్లకని రాసుంది, నాకుందా?' అని అడిగింది. నవ్వాలా ఏడవాలా? నువ్వు ఆడపిల్లవే తల్లీ, ఇది నీకు జరుగుతుంది, భయపడకు అని ఒక్క మనిషి సూటిగా చెప్పాలా వద్దా? నా కూతురు సంచీ కాదు, గొట్టమూ కాదు. మనిషి."

మేలో తను స్టాఫ్‌రూములో అన్నది ఇదే. కరీనా ఇంకా బాగా చెప్పింది.

"మీ మాటలో తప్పేమీ లేదు" అంది లియోనోర్. జేబులో మడత కాగితం ఉంది.

కరీనా వెళ్లాక ఇర్మా తలుపు మూసి, అలమారలోంచి నివేదికల పుస్తకం తీసింది. గట్టి అట్ట, ప్రతి పేజీకీ అచ్చు వేసిన నంబరు. అందులో రాసినది కొట్టేయకూడదు, పేజీ చింపకూడదు. బడిలో జరిగినదేదైనా అందులోకి ఎక్కితేనే జరిగినట్టు.

"చూడు లియో. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు ఫోన్ చేసింది. ఈ ఫిర్యాదు తేలేదాకా క్లాసు ఆపమంటోంది. తేలాలంటే దీని కింద నువ్వు సంతకం పెట్టడమొక్కటే దారి." ఇర్మా రాసినది చదివి వినిపించింది. ఉపాధ్యాయిని ఒఫేలియా మార్కెట్టి ఉత్తర్వుకు విరుద్ధంగా, సహోపాధ్యాయిని సలహాను కూడా పెడచెవిన పెట్టి, తన ఇష్టానుసారం నిషిద్ధ పదాలు వాడినట్టు, ఇకమీదట అలా జరగదని హామీ ఇస్తున్నట్టు.

"ఇష్టానుసారం అని రాశావు."

"మరేమని రాయను? నువ్వే కదా అందరి ముందూ ఆమెను ఆటపట్టించావు? నీ సలహా పెడచెవిన పెట్టలేదా? ఇందులో ఒక్క అబద్ధం చూపించు."

అబద్ధం లేదు. ఒక్కొక్క మాటా నిజమే.

"పోయిన మనిషికి ఏమవుతుంది చెప్పు?" ఇర్మా గొంతు తగ్గించింది. "ఉద్యోగం పోతుందా? బదిలీ చేస్తారా? నాకూ ఆమె అంటే ప్రాణమే. కానీ బతికున్న ఇరవై ఆరుమందికి క్లాసు ఉంటుంది. ఒఫేలియా ఇక్కడుంటే నాకే రాసెయ్ అనేది, అవునా కాదా?"

అవును, అనేది. అందుకే లియోనోర్‌కు ఇంకా కష్టమైంది. సంతకం పెట్టకపోతే క్లాసు ఉండదు, లుహాన్‌కు జవాబు ఉండదు. పెడితే, కాగితం ఒకటి కడుపులో దాచుకుని తన ఎగతాళిని నవ్వుతూ భరించిన మనిషి, ఇష్టానుసారం నడిచిన మొండిమనిషిగా ఆ పుస్తకంలో నిలిచిపోతుంది.

టీచర్లకు పాత అలవాటు ఒకటి ఉంది. ఒప్పుకోలేని కాగితం మీద కూడా సంతకం పెట్టాలి, పెట్టక తప్పదు. కానీ సంతకానికి ముందు "చదివాను, ఒప్పుకోవడం లేదు" అని రాసి, కావాలంటే ఎందుకో రెండు ముక్కలు రాయవచ్చు. పైవాళ్లు కాదనడానికి లేదు. పని ఆగదు, మనిషి తల వంచినట్టూ కాదు. లియోనోర్ ఉద్యోగంలో చేరిన ఏడు పెద్దటీచర్లు మొదట నేర్పింది ఇదే.

ఆమె కలం తీసుకుని రాసింది: "చదివాను, ఒప్పుకోవడం లేదు. ఒఫేలియా మార్కెట్టి ఆ మాటలను తన ఇష్టానికి వాడలేదు. ఏడో తరగతిలో ఒక బిడ్డ ఉంది. పాఠ్యపుస్తకంలోని ఆ రెండు పేజీల్లో దేనిలోనూ ఆ బిడ్డకు చోటు లేదు. ఒఫేలియా మాట్లాడింది ఆ బిడ్డతో." కింద సంతకం, తేదీ.

ఇర్మా రెండుసార్లు చదివింది. "ఇది కొట్టేయడానికి లేదు, తెలుసుగా?"

"తెలుసు."

"ఎవరా బిడ్డ?"

"పేరు రాయలేదు. చెప్పను కూడా."

ఇర్మా పుస్తకం మూసింది. క్లాసు మళ్లీ పెట్టుకోవచ్చంది. ఆ సాయంత్రం లియోనోర్ బస్సు స్టాపు దాకా నడుస్తూ, అంత్యక్రియల నాటి నుంచీ గుండె మీద ఉన్న బరువు కాస్త జరిగిందనుకుంది. మంచి వాక్యాలు రాశాననుకుంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

రాసేముందు చదివేది ఎవరో ఆలోచించండి అని ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పిన మనిషి, తను రాసింది ఎవరు చదువుతారని ఆలోచించలేదు. ఒఫేలియా చదువుతుందన్నట్టు రాసింది. నివేదిక నకలు ఒకటి ఇన్‌స్పెక్టరుకు, ఒకటి ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు వెళ్తుందని ఆమెకు తెలియనిది కాదు. అలాంటి నకళ్లు తన చేత్తో ఎన్నో పంపింది.

గురువారం విరామంలో నీళ్ల కుళాయి దగ్గర మగపిల్లలు ముగ్గురు తోసుకుంటున్నారు.

"నువ్వేరా ఆ రెండు పేజీల్లో లేనివాడివి!"

"మీ అమ్మనడుగు, చెప్తుంది!"

"ఒరేయ్, నేను కాదు, చూపించమంటావా?"

"ఛీ, లోపల పెట్టుకో! వీడు మూడో పేజీ గాడు రోయ్!"

లియోనోర్ దగ్గరికి వెళ్లేసరికి కోట్లు దులుపుకుని నిలబడ్డారు. ఆమె రోడ్డు దాటి కొట్టు దగ్గరికి వెళ్లింది. కరీనా ఆమెను చూస్తూనే గల్లా పెట్టె ముందు నుంచి లేచి నిలబడింది.

"ఆ కాగితం మీరేం చేశారు?"

"తల్లుల గ్రూపులో పెట్టాను టీచరుగారూ. ఫొటో తీసి. చెడ్డకు కాదు, నా బిడ్డ మీద ఒట్టు. మీరు రాసింది చదివితే నాకే కన్నీళ్లొచ్చాయి. నాకు తెలిస్తే ఫిర్యాదు ఇచ్చేదాన్నే కాదు. ఆ తల్లి పోతూ పోతూ ఎవరి కోసం మాట్లాడిందో అందరికీ తెలియాలని పెట్టాను." కరీనా చేతులు నలుపుకుంది. "పెట్టగానే ఒకావిడ, ఎవరు ఎవరు అని మొదలుపెట్టింది. తీసేశాను. అప్పటికే నలభైమంది చూసేశారు."

"ఎవరి పేరైనా అన్నారా?"

కరీనా చాక్లెట్ల గాజు సీసా మూత తీసి, మళ్లీ పెట్టింది.

శుక్రవారం తరగతిలో ఎవరూ ఏమీ అనలేదు. అందరూ ఒకే వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. అలా చూడకపోవడమే వేలు పెట్టి చూపినట్టుంది. మూడో వరుసలో లుహాన్ నోటుబుక్కు మీదికి వంగి, రాసిందే మళ్లీ రాస్తోంది. గంట కొట్టాక అందరూ పరిగెత్తారు. లుహాన్ సంచి సర్దుకోవడం ఆలస్యం చేసింది.

"టీచర్."

"చెప్పమ్మా."

"ఒఫేలియా టీచర్‌కి తెలుసా? అంటే, ఎవరు రాశారో?"

తెలుసో లేదో లియోనోర్‌కు తెలియదు. తెలుసంటే ఇంకొకరికి తెలిసిపోయిందని బిడ్డ భయపడుతుంది. తెలియదంటే ఒఫేలియా ఎవరితోనూ మాట్లాడనట్టే అవుతుంది. సరైన మాట కోసం వెతుకుతూ ఒక్క క్షణం ఎక్కువ నిలబడిపోయింది. వరండాలోంచి ఎవరో పిలిచారు. లుహాన్ తల ఊపి, "సరే టీచర్" అని వెళ్లిపోయింది.

సోమవారం రాలేదు. మంగళవారం, బుధవారం కూడా. గురువారం లుహాన్ అమ్మమ్మ ఎలిదా వచ్చింది. బదిలీ కాగితాలు కావాలంది. ఇర్మా ఆఫీసులో కాగితాలు నింపుతుండగా లియోనోర్ ఆమెను తన గదిలోకి పిలిచి కుర్చీ వేసింది. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, నేను పేరు రాయలేదు."

"పేరెందుకు తల్లీ? ఉన్నది ఇరవై ఆరుమంది. ఇంతమందిలో ఆటలకు బట్టలు మార్చుకోనిది ఎవరు, ఏడాదికి రెండుసార్లు ఆస్పత్రికి పోయేది ఎవరు అని పిల్లలకు లెక్క రాదా? మీరే కదా లెక్కలు నేర్పేది."

"నేను చెడు తలపెట్టలేదమ్మా."

"ఎవరన్నారు తలపెట్టారని?" ముసలామె కండువా కొసతో మూతి తుడుచుకుంది. "పుట్టిన తొమ్మిదో నెలలో కోశారు. కోసిన డాక్టరు మా అమ్మాయినీ నన్నూ కూర్చోబెట్టి ఏమన్నాడో తెలుసా? ఎవరికీ చెప్పకండి, బిడ్డకి కూడా చెప్పకండి, అప్పుడే మామూలుగా పెరుగుతుంది అన్నాడు. పెద్ద డాక్టరు. మేమెవరం కాదనడానికి? పన్నెండేళ్లు నోరు కుట్టుకుని కూర్చున్నాం. చెల్లెళ్లకు చెప్పలేదు, పాదిరికి చెప్పలేదు. మీరు మూడు ముక్కల్లో చెప్పేశారు."

"లుహాన్‌కు తెలియాలమ్మా. తనంతట తనే అడిగింది."

"అడిగిందని మీకెలా తెలుసు?"

లియోనోర్ పెట్టెలో మాట రెండోసారి బయటపెట్టింది. ఎలిదా ఆమె ముఖంలోకి చూసి, ఆ తరువాత మెల్లగా కూర్చుంది.

"ఏమని అడిగింది?"

"అది నేను చెప్పకూడదు."

"ఊరందరికీ చెప్పొచ్చు, నాకు చెప్పకూడదు." ఆమె కోపంగా అనలేదు. అలసటగా అంది. "మొన్న ఇంటికొచ్చి నన్నే అడిగిందిలే. అమ్మమ్మా, ఉదాహరణకు, నేనేంటి అని. పొయ్యి మీద కూర మాడుతుంటే అటు తిరిగాను."

"ఒక్కసారి నన్ను మాట్లాడనివ్వండి. పది నిమిషాలు చాలు."

"ఏం చెప్తారు?"

లియోనోర్ దగ్గర మాట సిద్ధంగా లేదు. ఒఫేలియా ఫైలులో కూడా ఆ కాగితానికి జవాబు లేదు. దాన్ని చదివే రోజు ఒఫేలియాకు రాలేదు. ఇర్మా వచ్చి కాగితాలు ఎలిదా చేతికిచ్చింది. ఏ బడికి పంపుతున్నారని లియోనోర్ అడిగితే ముసలామె "దూరం" అని మాత్రం చెప్పి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

సెప్టెంబరులో క్లాసు మళ్లీ మొదలైంది. లియోనోర్ బోర్డు మీద రెండు గళ్లు గీసి, ఉత్తర్వులో ఉన్న మాటలే రాసింది. బ్రెండా బసువాల్దో చెయ్యెత్తి అడగవలసినవన్నీ అడిగింది, సూటిగా జవాబులు విన్నది. కరీనా గేటు దగ్గర లియోనోర్‌కు దండం పెట్టినంత పని చేసి, కళ్లు దించుకుంది. లియోనోర్ పెట్టె కూడా బల్ల మీద పెట్టింది. సోమవారం పిల్లలందరూ ఒకేసారి లేచి వేశారు. ఇరవై అయిదు కాగితాలు, ఇరవై అయిదూ తెల్లవి. మరుసటి వారమూ అంతే.

"ఈమధ్య బుద్ధిమంతులయ్యారే" అంది చోలా, చెత్తబుట్ట వంచుతూ.



అక్టోబరులో ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి పిల్లల ఆస్పత్రికి వెళ్లి, ఒక డాక్టరు దగ్గర గంటసేపు కూర్చుని, పేరు చెప్పకుండా అడిగింది. ఇలాంటి శరీరంతో పుట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారని, ఇది ఎవరి తప్పూ కాదని ఆ డాక్టరు చెప్పింది. తన శరీరానికి ఏం చేశారో, ఇక ఏం జరుగుతుందో అడిగి తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందని, బిడ్డ అడిగితే చెప్పాలని కూడా చెప్పింది. లియోనోర్ ఇంటికి వచ్చి ఆ జవాబును పన్నెండేళ్ల బిడ్డకు అర్థమయ్యే మాటల్లో రాసుకుంది. నాలుగుసార్లు తిరగరాసింది. అర పేజీ వచ్చింది.

లుహాన్ చేరిన బడి ఏదో కనుక్కోవడానికి ఇర్మాను అడగవచ్చు. అడిగితే ఎందుకని అడుగుతుంది. ఆ బడికి ఉత్తరం రాస్తే ముందు అక్కడి హెడ్‌మిస్ట్రెస్ విప్పుతుంది. ఎలిదా ఇంటికి వెళ్తే తలుపు తీయకపోవచ్చు. తీసినా, చెప్పే హక్కు మొదట ఆ ఇంటివాళ్లదా, తనదా అన్నది లియోనోర్‌కు తేలలేదు. నవంబరు వచ్చింది. జవాబు ఆమె దగ్గర ఉంది. లుహాన్‌కు ఇంకా చెప్పలేదు.